మామూలు తెలిస్తేనే మార్పు తెలుస్తుంది

న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదైతే హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం అమెరికా వాళ్లు గడియారాన్ని గంట వెనక్కి తిప్పుకోగానే అది ఏడున్నర అవుతుంది. కాలిఫోర్నియా క్లయింటైతే అప్పుడు రాత్రి పదిన్నర. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల, కోకాపేట అపార్ట్‌మెంట్లలో ఎన్నో ఇళ్ల సాయంత్రాలు ఈ లెక్క మీదే నడుస్తాయి. పిల్లలు స్కూలు నుంచో ట్యూషన్ నుంచో వచ్చి, బ్యాగు ఓ మూల పడేసి, ఏదో చెప్పాలని నోరు తెరిచే వేళకు అమ్మ చెవులకో నాన్న చెవులకో హెడ్‌సెట్ ఉంటుంది. ‘కాల్‌లో ఉన్నా, తర్వాత చెప్పు నాన్నా’ అని చేత్తో సైగ చేస్తారు. ఆ తర్వాత అనేది చాలాసార్లు రాదు.

తల్లిదండ్రులను తప్పుపట్టడానికి ఈ అధ్యాయం రాయడం లేదు. ఆ కాల్ మీదే ఇంటి ఈఎంఐ, స్కూలు ఫీజు, ఊళ్లో ఉన్న పెద్దవాళ్ల మందులు ఆధారపడి ఉన్నాయని తెలుసు. చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లల మనసుకు కష్టం వచ్చినప్పుడు జబ్బు కంటే చాలా ముందు ఒక మార్పు కనిపిస్తుంది. ఆ బిడ్డ మామూలుగా ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకే ఆ మార్పు కళ్లబడుతుంది. అందుకే ముందు జాగ్రత్త అనేది డాక్టరు గదిలో కాకుండా ఇంట్లో, తరగతి గదిలో, పీజీ హాస్టల్లో మొదలవ్వాలి. ఎలా మొదలుపెట్టాలో, ఎప్పుడు బయటి సాయం తీసుకోవాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఈ వయసే ఎందుకు

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ రోజుల్లో ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకు ఇక్కడ ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఇప్పుడు యాభైకి చేరువయ్యారు. వాళ్ల పిల్లలు కొందరు హైస్కూల్లో, కొందరు ఇంటర్‌లో, కొందరు మొదటి ఉద్యోగంలో ఉన్నారు. ఐటీ కారిడార్‌లోనే పుట్టి పెరిగిన మొదటి తరం ఇప్పుడు సరిగ్గా 12 నుంచి 25 ఏళ్ల మధ్య ఉంది. మానసిక సమస్యలు ఎక్కువగా మొదలయ్యే వయసు కూడా ఇదే.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. మానసిక రుగ్మతలు ఏ వయసులో మొదలవుతున్నాయో చూడటానికి 192 అధ్యయనాల్లోని ఏడు లక్షల మందికి పైగా వివరాలను కలిపి చేసిన పరిశీలన ఒకటి 2021లో వెలువడింది. జీవితంలో ఎప్పుడైనా మానసిక రుగ్మత వచ్చినవాళ్లలో మూడింట ఒక వంతుకు పైగా మందికి 14 ఏళ్లలోపే, దాదాపు సగం మందికి 18 లోపే, 62 శాతానికి 25 లోపే అది మొదలైందని తేలింది. మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, 13–17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి సాయం అవసరమైన స్థాయిలో మానసిక సమస్య ఉన్నట్లు కనిపించింది. మహానగరాల్లో అది 13.5 శాతం. అంటే నలభై మంది ఉన్న తరగతిలో ఐదుగురు. అదే సర్వే మరో చేదు నిజం కూడా చెప్పింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మంది చికిత్సకే చేరడం లేదు.

పదమూడేళ్లకు మొదలైన దిగులును ఇరవై మూడేళ్లకు కనిపెడితే మధ్యలో పదేళ్ల చదువు, స్నేహాలు, తన మీద తనకున్న నమ్మకం దెబ్బతింటాయి. పదమూడున్నరకే కనిపెడితే కొన్ని వారాల కౌన్సెలింగ్, ఇంట్లో కొన్ని సర్దుబాట్లు సరిపోవచ్చు. ముందే పట్టుకోవడం వల్ల కలిగే మేలు ఇదే.

ముందు జాగ్రత్తకు మూడు మెట్లున్నాయి. పిల్లలందరికీ కావలసినవి మొదటి మెట్టు: నిద్ర, ఆట, మాట్లాడే మనిషి. కొందరి మీద అదనపు భారం ఉంటుంది: ఊరు మారినవాళ్లు, ఇంట్లో గొడవలు చూస్తున్నవాళ్లు, దగ్గరివాళ్లను పోగొట్టుకున్నవాళ్లు, హాస్టల్లో కొత్తగా చేరినవాళ్లు. వీళ్లను కాస్త ఎక్కువగా కనిపెట్టుకుని ఉండటం రెండో మెట్టు. అప్పటికే మార్పు కనిపిస్తున్నవాళ్లకు ఆలస్యం చేయకుండా సాయం అందించడం మూడో మెట్టు. మొదటి రెండూ పూర్తిగా మన చేతుల్లో ఉన్నవే.

మీ బిడ్డ మామూలు ఏమిటో రాసుకోండి

ఒళ్లు కాలుతోందని చెప్పాలంటే మామూలు వేడి ఎంతో చేతికి తెలిసి ఉండాలి. మనసు విషయమూ అంతే. ఒక చిన్న నోటుబుక్కులో ఈ ఆరు విషయాలు రాయండి. రాత్రి ఎన్నింటికి పడుకుంటోంది, పొద్దున ఎలా లేస్తోంది? ఏం ఇష్టంగా తింటోంది? స్నేహితులు ఎవరు, వాళ్ల పేర్లేమిటి? ఏ ఆట, ఏ పాట, ఏ బొమ్మ, ఏ గేమ్ అంటే ప్రాణం? ఇంట్లో ఎవరితో ఎక్కువ మాట్లాడుతుంది? ఏ విషయానికి చిరాకు పడుతుంది?

రాయడానికి కూర్చుంటే కొన్నిటికి సమాధానం తోచకపోవచ్చు. తొమ్మిదో తరగతి అబ్బాయి స్నేహితుల పేర్లు నాన్నకు తెలియకపోవచ్చు. అప్పుడు బాధపడకండి. ఆ ఖాళీ ఎక్కడుందో తెలిసింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టండి. నెలకోసారి అదే పేజీ తిరగేసి ఏమైనా మారిందా చూసుకోండి.

ఎదిగే వయసులో మార్పులు సహజం. గది తలుపు వేసుకోవడం, అమ్మానాన్నలకంటే స్నేహితులతో ఎక్కువ గడపడం, ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేయడం ఆ వయసు లక్షణాలు. మనం గమనించాల్సింది వేరే రకం మార్పు. రోజూ సాయంత్రం కింద గ్రౌండ్‌లో షటిల్ ఆడేవాడు రెండు వారాలుగా దిగడం లేదు. వాట్సాప్‌లో నిత్యం నవ్వుతూ ఉండే అమ్మాయి అన్ని గ్రూపుల్లోంచి బయటికొచ్చేసింది. అన్నం పళ్లెం సగంలోనే పక్కకు జరుగుతోంది. సోమవారం పొద్దున కడుపునొప్పి, ఆదివారం సాయంత్రం తలనొప్పి. డాక్టరుకు చూపిస్తే అన్నీ బాగానే ఉన్నాయంటారు. పిల్లల్లో దిగులు చాలాసార్లు ఏడుపుగా కాకుండా కోపంగా, చిరాకుగా, ఒంటి నొప్పులుగా బయటపడుతుంది. ‘ఈ మధ్య మావాడికి పొగరెక్కింది’ అనుకునే ముందు ఆ నోటుబుక్కు ఒకసారి తెరవండి.

ఒక హద్దు మాత్రం దాటకండి. నోటుబుక్కు రాసుకోవడం అంటే ఫోన్ తెరిచి చదవడం, గదిలో వెతకడం కాదు. దొంగచాటుగా చూశారని తెలిస్తే పిల్లలు దాచడం నేర్చుకుంటారు, మనకు కనిపించేది కాస్తా పోతుంది.

రోజుకు ఒక్క పూట కాపాడుకోండి

మామూలు ఏమిటో తెలియాలంటే రోజూ కాసేపు ఒకే చోట ఉండాలి. క్లయింట్ సమయం మన చేతిలో లేదు, సాయంత్రం దొరకదు. మరో పూట వెతుక్కుందాం.

మన ఇళ్లలో సులువుగా దొరికేది పొద్దున. అమెరికాతో పనిచేసే చాలామందికి ఉదయం కాల్స్ తక్కువ. స్కూలు బస్సు వచ్చేదాకా గేటు దగ్గర నిలబడే పది నిమిషాలు, లేదా మీరే స్కూటర్ మీద దింపే ఇరవై నిమిషాలు బంగారం. ఎదురెదురుగా కూర్చోబెట్టి ‘ఏంటి సంగతులు’ అంటే పెదవి విప్పని పిల్లలు, పక్కపక్కన నడుస్తున్నప్పుడో కారులో ముందు సీట్లో కూర్చున్నప్పుడో వాళ్లంతట వాళ్లే మాట్లాడతారు. రాయదుర్గం నుంచి గచ్చిబౌలి దాకా ట్రాఫిక్‌లో ఇరుక్కున్న సమయాన్ని కూడా ఇలా వాడుకోవచ్చు. ఆ కాసేపు కారులో స్పీకర్ మీద ఆఫీసు కాల్ పెట్టకండి.

ఆఫీసు క్యాలెండర్‌లో మీటింగులకు చోటు పెట్టినట్టే ఈ పూటకూ పెట్టండి. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే వంతులు వేసుకోండి. మీ కింద టీమ్ ఉంటే, వాళ్లలో ఎవరి పిల్లలకు పరీక్షలున్నాయో, ఎవరింట్లో ఇబ్బంది ఉందో అడిగి వాళ్ల కాల్స్ సర్దండి. ఒక మేనేజరు తీసుకునే చిన్న నిర్ణయంతో ఎన్నో ఇళ్ల సాయంత్రాలు బాగుపడతాయి.

తాతయ్య, అమ్మమ్మ, పిన్ని, మేనమామ, కింది ఫ్లోర్‌లోని ఆంటీ ఎవరైనా సరే, అమ్మానాన్నలు కాకుండా మనసు విప్పి మాట్లాడగల పెద్దమనిషి ఒకరు ప్రతి బిడ్డకూ ఉండాలి. మనకు చెప్పలేనిది వాళ్లకు చెబుతారు. ‘నాకు చెప్పకుండా అత్తకు చెప్పావా’ అని అలగకండి. ఎవరికో ఒకరికి చెప్పుకున్నందుకు సంతోషించండి.

మాట కలిపే తీరు

పిల్లల నోరు మూయించే మాటలు మనకు అలవాటుగా వచ్చేస్తాయి. ‘మా రోజుల్లో ఇవన్నీ లేవు.’ ‘నీకేం తక్కువ చేశాం?’ ‘పక్క టవర్ వాళ్లబ్బాయిని చూడు.’ ‘డిప్రెషన్ లేదు గిప్రెషన్ లేదు, పోయి చదువుకో.’ ఇలాంటి ఒక్క మాట చాలు, ఆ రోజు సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. ఇంకోసారి చెప్పాలనుకున్నప్పుడు కూడా ఆ మాటే గుర్తొస్తుంది.

వీటి బదులు చూసింది చూసినట్టు చెప్పండి. ‘నాలుగు రోజుల నుంచి నువ్వు కిందికి ఆడుకోవడానికి వెళ్లట్లేదు కన్నా, ఏమైంది?’ తీర్పు లేదు, తిట్టు లేదు. ‘ఏం లేదు’ అంటే తరిమి తరిమి అడగకండి. ‘సరే, ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పు, నేనున్నా’ అని ఆగండి. రెండు రోజుల తర్వాత మళ్లీ అంతే నెమ్మదిగా అడగండి. రెండోసారి అడగడంతో ఇది మొక్కుబడి ప్రశ్న కాదని వాళ్లకు తెలుస్తుంది.

చెప్పడం మొదలుపెట్టాక వెంటనే పరిష్కారం చెప్పకండి. సమస్య వినగానే మార్గం వెతకడం మన ఉద్యోగాలు నేర్పిన అలవాటు. బిడ్డ చెప్పేది పూర్తిగా వినండి. ‘అబ్బ, చాలా కష్టంగా ఉండి ఉంటుంది’ అనండి. ‘ఇందులో నేనేమైనా చేయాలా, ఊరికే వినాలా?’ అని అడగండి. చాలాసార్లు వినడమే సరిపోతుంది.

నిద్ర ముందు, ఫౌండేషన్ తర్వాత

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. ఆ వయసులో శరీరంలోని గడియారమే కాస్త ఆలస్యంగా నిద్రపుచ్చుతుంది, ఆలస్యంగా లేపుతుంది. మన పిల్లల దినచర్య దీనికి పూర్తిగా ఎదురు నడుస్తోంది. ట్రాఫిక్ తప్పించుకోవడానికి బస్సు తెల్లారగానే వస్తుంది. స్కూలు అయ్యాక ఐఐటీ ఫౌండేషన్, ఒలింపియాడ్, కోడింగ్ క్లాసులు. హోంవర్కు అయ్యేసరికి పదకొండు. అప్పుడు ఫోన్ పట్టుకుంటే పన్నెండున్నర. పిల్లలకు రోజంతా దొరికిన సొంత సమయం ఆ గంటన్నరే. అందుకే ఫోన్ లాక్కుంటే అంత గొడవ.

కాబట్టి ఫోన్ గురించి పోట్లాడే ముందు సాయంత్రాన్ని తేలిక చేయండి. ఆరో తరగతిలో ఫౌండేషన్ లేకపోతే బతుకు పోదు. ఉన్న క్లాసుల్లో ఒకటి తీసేసి ఆ గంటను ఆటకివ్వండి. 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున గంట శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ తర్వాత ఇంటిల్లిపాది ఫోన్లూ రాత్రి హాల్లోనే ఛార్జింగ్ పెట్టే నియమం తెండి. మీ ఫోన్ కూడా అక్కడే ఉండాలి. పెద్దవాళ్లు పాటించని నియమం పిల్లలకు శిక్షలాగే అనిపిస్తుంది.

ర్యాంకు రోజుకు ముందే సిద్ధం కండి

తెలంగాణ ఇంటర్ ఫలితాలు 2019 ఏప్రిల్ 18న వచ్చాయి. ఫలితాల్లో తప్పులు దొర్లాయి. తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన వాళ్లందరి జవాబు పత్రాలనూ ప్రభుత్వం ఉచితంగా మళ్లీ పరిశీలింపజేస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. తెలుగులో సున్నా వచ్చిందన్న ఒక విద్యార్థినికి నిజంగా వచ్చినవి 99 మార్కులు. ఏ ఆత్మహత్యకూ ఒకే ఒక్క కారణం ఉండదు. అయినా తెర మీద కనిపించే ఒక అంకెను బిడ్డ విలువగా చూడటం ఎంత ప్రమాదమో ఆ ఏప్రిల్ మనందరికీ చూపించింది.

ఫలితాల రోజున చెప్పే ఓదార్పు కంటే నెల ముందు చెప్పే మాట బలంగా పనిచేస్తుంది. ‘పాసైనా ఫెయిలైనా ఆ రోజు సాయంత్రం మనం కలిసే భోంచేస్తాం. తప్పితే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది, రీవెరిఫికేషన్ ఉంది, ఇంకో కోర్సు ఉంది.’ ఈ మాట ముందే ఇంట్లో అందరి ఎదుటా అనండి. ఫలితాల రోజు సెలవు పెట్టండి. చుట్టాల ఫోన్లు మీరే ఎత్తండి. మార్కులు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, మీ బిడ్డకు మంచి మార్కులు వచ్చినా సరే. ఆ గ్రూపులో ఇంకో ఇంటి బిడ్డ కూడా ఉందని గుర్తుంచుకోండి.

కాలేజీని అడగాల్సినవి కూడా ఉన్నాయి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులుంటే శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఒకరైనా ఉండాలి. వీలైనంతవరకు మార్కుల ప్రకారం బ్యాచీలు విడగొట్టకూడదు, అందరి ముందూ అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో, తరగతుల్లో అందరికీ కనిపించేలా పెట్టాలి. అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఏసీ గదులు, ర్యాంకుల ఫ్లెక్సీలు చూసి రాకండి. ‘మీ కౌన్సెలర్ ఎవరు? ఏ గదిలో కూర్చుంటారు? వారానికి ఎన్ని రోజులు వస్తారు? వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారా? ఔటింగ్ ఎప్పుడిస్తారు?’ అని అడగండి. సూటిగా సమాధానం రాకపోతే ఇంకో కాలేజీ చూసుకోండి.

కౌన్సెలర్ ఎందుకు అంత ముఖ్యమో బిహార్ చూపించింది. నలంద జిల్లాలోని 74 ప్రభుత్వ పాఠశాలల్లో జరిగిన ప్రయోగ ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. పిల్లల సమస్యలు వినడం, బెదిరింపులు, వేధింపులు తగ్గించడం, బడి వాతావరణం మెరుగుపరచడం లాంటి పనులను కొన్ని బడుల్లో ఉన్న టీచర్లకే అప్పగించారు, కొన్నిటిలో అందుకోసమే శిక్షణ ఇచ్చిన స్థానికులను పెట్టారు. శిక్షణ పొందిన స్థానికులున్న బడుల్లో వేధింపులు, దిగులు తగ్గాయి. టీచర్లకు అప్పగించిన బడుల్లో చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. శిక్షణ పొందిన ఆ స్థానికులు పెద్ద డిగ్రీలున్న మానసిక నిపుణులేమీ కాదు. పాఠం, పరీక్ష, సిలబస్ అనే బరువు లేకుండా వినడానికే ఉన్న మనుషులు.

ఐరోపాలోని పది దేశాల్లో పదకొండు వేల మంది విద్యార్థులతో చేసిన మరో అధ్యయనం 2015లో వచ్చింది. నాలుగు వారాల్లో ఐదు గంటల పాటు తరగతిలోనే మనసు, ఒత్తిడి, స్నేహితుడికి సాయం చేసే తీరు గురించి చర్చలు, నాటికలు నడిపారు. ఏడాది తర్వాత చూస్తే ఆ తరగతుల్లో ఆత్మహత్యాయత్నాలు మిగతావాటితో పోలిస్తే దాదాపు సగమే ఉన్నాయి. మన స్కూళ్లలో స్పోర్ట్స్ డే, యాన్యువల్ డే కోసం వారాల తరబడి సమయం దొరుకుతుంది. ఐదు గంటలు దొరకవా? పేరెంట్స్ మీటింగులో ఈ ప్రశ్న వేయండి.

పీజీ గదిలో ఉన్న బిడ్డ

ఖమ్మం, కరీంనగర్, గుంటూరు, అనంతపురం నుంచి వచ్చి మాదాపూర్ అయ్యప్ప సొసైటీలోనో గచ్చిబౌలిలోనో పీజీల్లో ఉండే ఇరవై రెండేళ్ల వాళ్లు కూడా ఈ వయసువాళ్లే. బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో కోర్సు, ఆఫర్ లెటర్ కోసం ఎదురుచూపు, చేరాక ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద నెలలు, రాత్రి షిఫ్టు, తలమీద చదువు అప్పు. ఊరి నుంచి ఫోన్ వస్తుంది. ‘తిన్నావా?’ ‘తిన్నా.’ ‘ఆఫీసెలా ఉంది?’ ‘బానే ఉంది.’ కాల్ ముగిసింది. ఇంట్లోవాళ్లను కంగారు పెట్టకూడదని పిల్లలు, ఇబ్బంది పెట్టకూడదని పెద్దలు ఇద్దరూ అక్కడితో ఆగిపోతారు.

తల్లిదండ్రులారా, ఇంకో రెండు ప్రశ్నలు కలపండి. ‘ఈ వారం ఎవరితో కలిసి భోంచేశావు?’ ‘నిద్ర పడుతోందా?’ ఒంటరితనం, నిద్రలేమి ఈ రెండు ప్రశ్నల జవాబుల్లోనే ముందుగా బయటపడతాయి. ‘ఉద్యోగం రాకపోయినా ఇల్లు నీదే, ఎప్పుడైనా వచ్చెయ్’ అని అడక్కముందే చెప్పండి.

ఈ పేజీ ఆ గదిలో కూర్చుని చదువుతున్నది నువ్వే అయితే ఈ మాట నీకు. రూమ్మేట్ పేరు తెలుసుకో. రోజుకు ఒక పూటైనా గది బయట ఎవరితోనైనా కలిసి తిను. షిఫ్టు ఏదైనా నిద్ర వేళ రోజూ ఒక్కటే ఉండేలా చూసుకో. మీ కంపెనీ ఉద్యోగులకు కౌన్సెలింగ్ ఇస్తుంటే మేనేజరుకు తెలియకుండానే వాడుకోవచ్చా అని హెచ్‌ఆర్‌ను అడుగు. శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక చికిత్సకూ బీమా వర్తించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. నీ పాలసీ పత్రం ఒకసారి తీసి చూడు.

ఈ కారిడార్‌లో మరో యువత కూడా ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ కూతురు, మనింట్లో పనిచేసే అక్క కొడుకు, బైక్ మీద డెలివరీ ఇచ్చే కుర్రాడు. వాళ్లకు కంపెనీ కౌన్సెలర్ ఉండడు, ప్రైవేటు ఫీజు కట్టలేరు. కింద చెప్పే టెలీ మానస్ ఫోన్ సాయం వాళ్లకూ ఉచితమే. ఆ నంబరు లిఫ్టులో, వాచ్‌మన్ గదిలో తెలుగులో రాసి అతికించండి.

ఎప్పుడు, ఎవరి దగ్గరికి

మార్పు రెండు వారాలు దాటినా అలాగే ఉండి, చదువుకో తిండికో నిద్రకో అడ్డు పడుతుంటే ఇంట్లో ప్రయత్నాలు కొనసాగిస్తూనే నిపుణుల దగ్గరికి వెళ్లండి. ‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అనకండి. మొదటి అడుగుగా టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే కాదు, ఏం చేయాలో తోచని తల్లిదండ్రులూ ఫోన్ చేయవచ్చు.

ఆ తర్వాత పిల్లల డాక్టరు లేదా మీ ఫ్యామిలీ డాక్టరు సైకియాట్రిస్టు దగ్గరికో క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికో పంపుతారు. సైకియాట్రిస్టు మందులు రాయగల వైద్యులు. క్లినికల్ సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేస్తారు, వాళ్లకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉందా అని నిస్సంకోచంగా అడగండి. మందులు మొదలుపెడితే డాక్టరు చెప్పకుండా ఆపకండి.

మన ఊళ్లో ‘నిన్ను ఎర్రగడ్డ పంపాలి’ అని ఎగతాళి చేయడం ఉంది. ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ. మియాపూర్ నుంచి మెట్రో ఎక్కితే ఎర్రగడ్డ స్టేషన్లో దిగవచ్చు. వైద్యం చేసే చోటును తిట్టుగా వాడిన ఇంట్లో బిడ్డ తనకు బాగోలేదని ఎలా చెబుతుంది? ఆ మాట మీ ఇంట్లో ఈ రోజుతో ఆపేయండి.

బిడ్డ బతుకు మీద విరక్తిగా మాట్లాడినా, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, వీడ్కోలు చెబుతున్నట్టు సందేశాలు పంపినా సూటిగా అడగండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతాం. పరిశోధనలు ఆ భయానికి ఆధారం లేదని చెబుతున్నాయి. అడిగితే బరువు దిగి చెప్పుకుంటారు. అవునంటే ఒంటరిగా వదలకండి, హాని చేయగలవేవీ అందుబాటులో ఉంచకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి. ఇప్పటికే ప్రయత్నం జరిగి ఉంటే పోలీసు కేసు అవుతుందని దాచకండి. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం, అలాంటి మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలని, శిక్షించకూడదని చెబుతోంది.

ఈ వారం చేయాల్సినవి

ఆరు ప్రశ్నల నోటుబుక్కు మొదలుపెట్టండి.

రోజుకు ఇరవై నిమిషాల పూట ఒకటి ఎంచుకుని ఆఫీసు క్యాలెండర్‌లో గుర్తుపెట్టండి.

సాయంత్రం క్లాసుల్లో ఒకటి తగ్గించండి. ఫోన్లన్నీ రాత్రి హాల్లో పెట్టండి.

మీరు కాకుండా ఇంకో పెద్దమనిషి ఎవరో బిడ్డనే అడిగి తెలుసుకోండి.

స్కూలుకో కాలేజీకో వెళ్లి కౌన్సెలర్ పేరు తెలుసుకుని కలవండి.

14416 నంబరును ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చేయండి.

ఇవన్నీ ఒకేసారి కుదరకపోతే మొదటి రెండు చేయండి. మిగతావి వాటి వెంటే వస్తాయి. క్లయింట్ కాల్ రేపు కూడా ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. మీ బిడ్డకు పద్నాలుగేళ్లు ఒక్కసారే వస్తాయి. రేపు పొద్దున ఆ ఇరవై నిమిషాలు ఫోన్ ఇంట్లో వదిలి, బిడ్డతో కలిసి బస్ స్టాప్ దాకా నడవండి.